పుట్టినప్పుడు అక్కడ నేనున్నాను

చెవులపిల్లీ, ఇవాళ ఇంతమంది పెద్దవాళ్ళ ముందు నీ గురించి మాట్లాడబోతున్నానురా. 

క్షమించాలి. ఈ మాట సిస్టర్ డొమితిల్లా రాసిచ్చిన కాగితంలో లేదు, నేనే పైన చేర్చుకున్నాను. నాకు చదవడం రాదు, ఆవిడే చదివి బట్టీ పట్టించింది. ముందు సభకు నమస్కారం చెప్పాలని పదే పదే నేర్పింది. అదిగో, అక్కడ కూర్చుని కళ్ళతో ఇంకా నేర్పుతూనే ఉంది. (నవ్వులు)

సభకు అధ్యక్షులైన జైలు డైరెక్టరు, కవలియేరే బిరుదున్న ఫెర్రాంతెగారికి, ముందు వరసలో ఉన్న అంకోనా పట్టణపు పెద్దలకు, వారి ఇళ్ళ అమ్మగార్లకు, ఆస్పత్రి సిస్టర్లకు, వెనక నిలబడ్డ కాపలావాళ్ళకు, నాతోపాటు బట్టలుతికే ఆడవాళ్ళకు నా నమస్కారం. ఇవాళ ఉద్యోగం చాలించుకుని తన ఊరు టొరీనో వెళ్ళిపోతున్న మన జైలు డాక్టరు ఒరెస్తే మెంగోనిగారికి అందరికంటే ఎక్కువ వంగి నమస్కారం.

నా పేరు పల్మీర. జైలు ఆస్పత్రిలో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతుకుతాను. పనివాళ్ళ తరఫున ఒక ఆడమనిషి రెండు మాటలు మాట్లాడితే ముచ్చటగా ఉంటుందని డైరెక్టరుగారు అన్నారట. సిస్టర్ వచ్చి ముందు నాతోపాటు బట్టలుతికే అస్సుంతాని అడిగింది. అస్సుంతా ఏమందో తెలుసా? "నేనా సిస్టర్? నేను నోరు తెరిస్తే మా ఆయనే వీధిలోకి పోతాడు. ఇక డాక్టరుగారు రేపటిదాకా ఆగుతారా, ఇవాళే రైలెక్కేస్తారు" అంది. (నవ్వులు) తల దించుకోకే అస్సుంతా, అన్నదానివి నువ్వేగా. అలా ఈ కాగితం నా చేతికి వచ్చింది.

నేను రెండు పనుల మీద వచ్చాను. డాక్టరుగారికి కృతజ్ఞత చెప్పుకోవడం ఒకటి. ఆయన్ని ఒకటి అడగడం రెండోది. నన్ను మధ్యలో కూర్చోబెడితే అసలు సంగతి మిగిలిపోతుంది కనుక రెండోది ముందే చెప్పేస్తున్నాను. డాక్టరుగారి గదిలో అద్దాల బీరువాలు ఉన్నాయని మీ అందరికీ తెలుసు. వాటిలో మన జైల్లో కన్నుమూసిన మనుషుల ముఖాలు, ప్లాస్టర్‌తో అచ్చు తీసినవి, వరసగా ఉన్నాయి. రేపు ఆయన వాటిని టొరీనోలో చదువుకున్నవాళ్ళకు కానుకగా పట్టుకెళుతున్నారు. ఇందాక మాట్లాడిన పెద్దలంతా ఆ కానుక గురించే పొగిడారు. అందులో ఒకటి నా కొడుకు నజరేనోది. దాన్ని ఇక్కడ వదిలి వెళ్ళమని అడగడానికి వచ్చాను.

(సభలో గుసగుసలు)

డైరెక్టరుగారూ, మీ ముఖం చూస్తే తెలుస్తోంది, ఇది మీకు ఎవరూ చెప్పలేదు. సిస్టర్‌కి కూడా తెలియదు, ఆవిణ్ణి ఏమీ అనకండి. నేను గొడవ పెట్టుకోవడానికి రాలేదు. అరిచే వయసు నాకు దాటిపోయింది. కాస్త నెమ్మదిగా వినండి చాలు.

నా కొడుకుని కోర్టులో "పుట్టుకతోనే నేరస్థుడు" అన్నారు. అలాంటి మనుషులు ఉంటారని, నేరం వాళ్ళ ఎముకల్లోనే ఉంటుందని, చెవులు, దవడ, నుదురు చూసి వాళ్ళని పట్టుకోవచ్చని ఆ రోజుల్లో పెద్ద చదువులవాళ్ళు అనేవారు. ఇప్పటికీ అంటున్నారు. నాకు చదువు లేదు కాబట్టి కాదనలేను. కానీ పుట్టుక అన్నారు చూడండి, ఆ మాట దగ్గర మాత్రం నాకు కొంచెం హక్కు ఉంది. వాడు పుట్టినప్పుడు అక్కడ నేనున్నాను. మంత్రసాని ఉంది. మా ఇద్దరినీ కోర్టు ఒక్క మాట అడగలేదు. (నవ్వులు)

అడిగి ఉంటే చెప్పేదాన్ని. వాడి తల బయటికి రాగానే మంత్రసాని పగలబడి నవ్వింది. "ఏమే పల్మీరా, వీడి చెవులు చూశావా! గాలి వీస్తే మీ ఆయన పడవకి తెరచాప అక్కర్లేదే!" అంది. మా ఆయన చేపలు పట్టేవాడు. తలుపు బయట నిలబడి వింటున్నాడు. "అయితే వాణ్ణి ముందు కూర్చోబెడతాను, తెరచాప అమ్మేస్తాను" అని అరిచాడు. అప్పటినుంచి వాడు మా ఇంట్లో చెవులపిల్లి అయ్యాడు. వాడికి ఆ చెవులు కదిలించడం వచ్చు. రెండూ ఒకేసారి, లేదంటే ఒకదాని తర్వాత ఒకటి. నేను ఏడిస్తే వచ్చి ఎదురుగా కూర్చుని, ముఖం గంభీరంగా పెట్టి, చెవులు ఆడించేవాడు. ఎంత ఏడుపైనా నవ్వు వచ్చేది. పెద్దవాడై రేవులో బస్తాలు మోసేటప్పుడు కూడా అది మానలేదు.

మా ఆయన సముద్రంలో పోయాడు, శవం దొరకలేదు. దొరకనివాళ్ళ కోసం మేము ఏం చేస్తామో ఇక్కడి పల్లెవాళ్ళకు తెలుసు. లొరేతోలోని మరియమాత గుడికి చెప్పుల్లేకుండా నడిచి వెళతాం. గుడి పక్క వీధిలో చెప్పులు కుట్టేవాళ్ళు ఉంటారు, వాళ్ళే సూదులతో ముంజేతి మీద పచ్చబొట్టు పొడుస్తారు. పెళ్ళికి ఒక బొమ్మ, మొక్కుకి ఒకటి, చావుకి ఒకటి. చావుకి పొడిచేది శిలువ, దాని కింద పుర్రె. పోయినవాణ్ణి మరిచిపోనని దాని అర్థం. నేను పొడిపించుకున్నాను. నజరేనో పక్కనే నిలబడి, "నాకూ అదే వెయ్యండి, ఆయన నాకూ నాన్నే" అన్నాడు. ఆ చెప్పులు కుట్టే ముసలాయన "నొప్పి పెడుతుందిరా అబ్బీ" అంటే, "చెవులు పట్టుకుని ఉంటాను, కావలసినంత పట్టు ఉంది" అన్నాడు. దుఃఖంలో కూడా నవ్వించాడు వెధవ.

తర్వాత సంగతి మీలో చాలామందికి తెలుసు. రేవు దగ్గర చేపల వేలంలో తగాదా వచ్చింది, గుంపులో ఎవరో దళారిని కత్తితో పొడిచారు. అందరూ పరుగెత్తారు. నా కొడుకు పరుగెత్తలేదు. కింద పడ్డ మనిషి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పోలీసులు వచ్చేసరికి రక్తం ఉన్నది వాడి చేతులకే. ఎవరు పొడిచారో దేవుడికి తెలుసు, నాకు తెలియదు. చూశామని చెప్పినవాళ్ళలో కొందరు వాడే అన్నారు, కొందరు కాదేమో అన్నారు. అటూ ఇటూ కాకుండా ఊగుతున్న సమయంలో డాక్టరుగారిని పిలిపించారు.

డాక్టరుగారూ, మీరప్పుడు ఎంత బాగా మాట్లాడారో నాకు ఇంకా గుర్తుంది. నల్ల కోటు వేసుకున్నారు. నా కొడుకుని ఇనుప కటకటాల్లో నిలబెట్టారు. మీరు కర్రతో చూపిస్తూ, "ఈ చెవులు గమనించండి, కూజా పిడుల్లా బయటికి వచ్చాయి. ఈ దవడ చూడండి. చేతులు మామూలుకంటే పొడుగు. ఎడమచేతి వాటం. అయ్యలారా, ఇతను నేరం నేర్చుకున్నవాడు కాదు, నేరంతో పుట్టినవాడు" అన్నారు. నేను వెనక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. వాడు నన్ను చూశాడు. నాకోసం, నేను నవ్వాలని, కటకటాల్లోంచి చెవులు ఆడించాడు.

మీరది చూశారు. "అదిగో, మృగాల్లా చెవులు కదిలిస్తున్నాడు! మనుషుల్లో ఎప్పుడో పోయిన లక్షణం ఇది!" అని గట్టిగా అన్నారు. జనం లేచి నిలబడి చూశారు. పత్రికలో కూడా అదే వేశారట. ఆ తర్వాత వాడి చొక్కా చెయ్యి పైకి తోసి పుర్రె బొమ్మ చూపించారు. చావంటే లెక్కలేనివాడి గుర్తు అన్నారు. నేను ఆగలేకపోయాను. లేచి, నా చొక్కా చెయ్యి కూడా పైకి తోసి, "అయ్యా, ఇది మా ఆయన గుర్తు! నాకూ ఉంది, చూడండి!" అని అరిచాను. ప్రభుత్వం తరఫు లాయరుగారు వెంటనే అందుకున్నారు. "చూశారా అయ్యలారా, తల్లికీ ఉంది. వంశంలోనే ఉంది" అన్నారు. కోర్టంతా నవ్వింది. బంట్రోతు నన్ను బయటికి తీసుకుపోయాడు. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. తల్లి కూర్చుని ఉండగలదా?

తీర్పు చెప్పిన పెద్దమనుషుల ఇళ్ళలో వంట చేసే ఆడవాళ్ళ చేతుల మీద కూడా అవే శిలువలు, అవే పుర్రెలు ఉన్నాయి. రోజూ వాళ్ళ ఎదుటే వడ్డిస్తారు. కానీ పెద్దమనుషులు పళ్ళెం చూస్తారు, చెయ్యి చూడరు. (నవ్వులు) ముందు వరసలో ఉన్న అమ్మగార్లూ, నవ్వారుగా, ఇంటికెళ్ళి చూడండి.

సరే. ఇప్పుడు కృతజ్ఞత చెబుతాను. ఇది కాగితంలో ఉంది, కానీ సిస్టర్ రాసినట్టు చెప్పలేను, నాకు వచ్చినట్టు చెబుతాను.

జైలుకు వచ్చిన కొన్నాళ్ళకే నా కొడుక్కి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. నేను రోజూ గేటు దగ్గర నిలబడేదాన్ని. కాపలావాళ్ళు లోపలికి పోనిచ్చేవారు కాదు. మీలో కొందరు ఇక్కడే ఉన్నారు. మీ ఉద్యోగం మీరు చేశారు, నేనేమీ అనుకోను. ఒకరోజు డాక్టరుగారు గుర్రబ్బండిలోంచి నన్ను చూసి దిగారు.

"నువ్వు ఆ కోర్టులో అరిచిన మనిషివి కదూ?"

"అవును బాబూ."

"బట్టలు ఉతకడం వచ్చా?"

"మాకు ఇంకేం వస్తుంది బాబూ."

ఆయన సిస్టర్‌తో మాట్లాడి నన్ను ఆస్పత్రి బట్టల గదిలో పనికి పెట్టారు. ఎందుకు పెట్టారో అప్పుడు చెప్పలేదు, ఎప్పుడూ చెప్పలేదు. దుప్పట్లు మార్చే వంకతో రోజూ వాణ్ణి చూసేదాన్ని. వాడి వంటి మీది దుప్పటి నేనే ఉతికాను. ఎంతమంది తల్లులకు దొరుకుతుంది ఆ పని? అది డాక్టరుగారు పెట్టిన భిక్ష. ఆ మాట ఇంతమంది ముందు చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ప్రతి ఉదయం ఆయన నజరేనో ఛాతీ మీద చెవి ఆనించి వినేవారు. గుండె వినే గొట్టం జేబులోనే ఉండేది, కానీ చెవితోనే వినేవారు. వాడు ఊరుకుంటాడా? "డాక్టరుగారూ, ఇవాళ నా చెవులు ఏమైనా పెరిగాయా?" అనేవాడు. "కదలకురా, నీ ఊపిరి వినబడి చావట్లేదు" అని ఈయన కసిరేవారు. "నా చెవులు అరువిస్తాను, వీటితో వినండి, సముద్రం అవతల కుక్క మొరిగినా వినబడుతుంది" అని వాడు. ఒకరోజు ఇద్దరూ నవ్వుతూ నాకు కనబడ్డారు. నేను గుమ్మంలో దుప్పట్లు పట్టుకుని నిలబడిపోయాను. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో ఆ రోజు నాకు తెలియలేదు. ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

చలి పట్టినప్పుడు డాక్టరుగారు తన మెడలోని ఉన్ని గుడ్డ తీసి వాడికి కట్టారు. వాడు పోయిన ఉదయం, కబురు కాపలావాడితో పంపకుండా, తనే బట్టల గదికి వచ్చారు. తీగల మీద ఆరేసిన తడి దుప్పట్ల మధ్య నిలబడి, "పల్మీరా" అని ఊరుకున్నారు. నాకు అర్థమైంది.

ఆ తర్వాత ప్లాస్టర్ అచ్చు తీశారు. నన్ను అడగలేదు. ఖైదీ శవం మీద తల్లికి హక్కు లేదట. వాణ్ణి జైలు గోడ పక్కన మిగతావాళ్ళతో పూడ్చారు, పైన రాయి లేదు. కొన్నాళ్ళకు నేను తువ్వాళ్ళు ఇవ్వడానికి డాక్టరుగారి గదిలోకి వెళితే, అద్దాల వెనక వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. కింద చీటీ. సిస్టర్‌ని తీసుకెళ్ళి చదవమన్నాను. ఆవిడ ముందు శిలువ గుర్తు వేసుకుంది. "పుట్టు నేరస్థుడు, హంతక జాతి, చెవులు గమనార్హం" అని చివరికి చదివింది. గమనార్హం అంటే ఏమిటని అడిగాను. చూడదగ్గవి అంది. ఆ ఒక్క మాట నిజమే అన్నాను.

ఇంకొక్కటి చెప్పి అడగవలసింది అడుగుతాను. మొన్న మొన్నటి వేసవిలో బాగా ఎండగా ఉన్నప్పుడు, మేమంతా చొక్కా చేతులు భుజాల దాకా మడిచి బూడిద నీళ్ళలో దుప్పట్లు పిండుతున్నాం. డాక్టరుగారు ఉతికిన కోటు కోసం తనే కిందికి వచ్చారు. వచ్చినవారు గుమ్మంలో ఆగిపోయారు. మా చేతులు చూస్తున్నారు. అందరి చేతుల మీదా శిలువలు, గుండెలు, పుర్రెలు. "మీరంతా ఎక్కడివాళ్ళు?" అని అడిగారు. అస్సుంతా ఊరుకోదు కదా! "ఇక్కడివాళ్ళమే బాబూ, ఇంకా జైలు బయటే ఉన్నాం!" అంది. (నవ్వులు) డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, పిల్లాడిలా, "ఇది ఎవరిది? ఇది ఎవరిది?" అని అడిగారు. మా ఆయనది బాబూ. మా అమ్మది. పురిట్లో పోయిన నా పాపది. నా దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగలేదు. నేనే అన్నాను, "బాబూ, వంశం అన్నారు కదా. అస్సుంతా మా వంశం కాదు" అని. ఆయన కోటు తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఆయన కోర్టుకు సాక్ష్యం చెప్పడానికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపేవారు. ఇది కాపలావాళ్ళకు తెలుసు, సిస్టర్‌కి తెలుసు. కానీ బీరువాలో చీటీలు అలాగే ఉన్నాయి. రేపు అవే టొరీనో వెళుతున్నాయి.

డాక్టరుగారూ, మా ఇంట్లో ఫొటోలు లేవు. నజరేనో ముఖం ఈ లోకంలో ఉన్నది మీ బీరువాలోనే. అచ్చు తీసేటప్పుడు వాడి కనురెప్ప వెంట్రుక ఒకటి ప్లాస్టర్‌లో ఇరుక్కుంది, ఎడమ కంటి దగ్గర. దుమ్ము తుడిచేటప్పుడు చూశాను. అది వాడిదే, బొమ్మ కాదు. ఆ వెంట్రుకని నేను కన్నాను. టొరీనోలో చదువుకునే అబ్బాయిలు దాన్ని చూస్తారా? చూసినా వాళ్ళకి అదేమిటి? నాకు ఇప్పించండి.

(డైరెక్టరుగారు లేచి: "పల్మీరా, ఇలాంటివి సభలో అడిగేవి కావమ్మా. అది కానుకగా రాసి ఇచ్చేశారు. ఇప్పుడు ప్రభుత్వానిది.")

అలాగే డైరెక్టరుగారూ. అడగడం నా వంతు.

(డాక్టరు మెంగోనిగారు కూర్చున్నచోటు నుంచే: "ఫెర్రాంతె, కూర్చోవయ్యా. పెట్టెలకు ఇంకా మేకులు కొట్టలేదు. రైలెక్కేదాకా అవి నావే. పల్మీరా, తీసుకెళ్ళు. కానీ ఒక్కటి చెప్పు. ఇందరి ముందు అడుగుతున్నాను. ఇన్నేళ్ళ నా పని తప్పంటావా?")

డాక్టరుగారూ, మీ చదువుని తూచే చదువు నాకు లేదు. అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను, ఈ మంచి రోజున మిమ్మల్ని బాధపెట్టాలనీ లేదు. నా కొడుకు విషయంలో తప్పే. అది నాకు తెలుసు. మిగతా ముఖాల సంగతి నాకు తెలియదు. వాళ్ళ అమ్మల్ని అడగాలి.

(డాక్టరుగారు తల ఊపారు.)

ఎందుకు ఊపారో నేను అడగను. రేపు పొద్దున నా శాలువా పట్టుకుని వస్తాను, దాంట్లో చుట్టి తీసుకెళతాను. కింద అంటించిన చీటీ మాత్రం నాకు వద్దు, అది మీరే ఊడదీసి ఉంచుకోండి. పారేయమని కూడా అనను. అప్పుడప్పుడు తీసి చదువుకోండి.

ఇంతసేపు ఓపికగా విన్న పెద్దలకు, మధ్యలో నన్ను ఆపకుండా ఊరుకున్న సిస్టర్‌కి, నవ్వించిన అస్సుంతాకి నా కృతజ్ఞతలు. డాక్టరుగారూ, నా కొడుకు ఊపిరిని చివరిదాకా విన్నది మీరే, అందుకు మీకు జీవితాంతం రుణపడి ఉంటాను. మీరు చల్లగా వెళ్ళి రండి. ఇక నాకు సెలవు ఇప్పించండి.

అక్కడ విందుకి వండిన చేపల పులుసు చల్లారిపోతోంది. టొరీనోలో మీకు వండిపెట్టే మనిషి లేదని విన్నాను. మొహమాటపడకండి డాక్టరుగారూ, మీరూ, ఇక్కడున్న అందరూ, కడుపునిండా తినండి.